ఎముకకు పేరు చెప్పేదెవరు?

2009వ సంవత్సరం నవంబరు 11వ తేదీన మెల్‌బోర్న్‌లోని విక్టోరియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫోరెన్సిక్ మెడిసిన్ వారి చేతికి ఒక పుర్రె వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో వుండే ఒక రైతు చాలాకాలంగా దాన్ని తన దగ్గర దాచివుంచి, చివరకు అప్పగించాడు. పుర్రెకు ఒక పక్కన సిరాతో "ఇ. కెల్లీ" అని వ్రాసి వుంది. ఆ తేదీ కూడా కావాలని ఎంచుకొన్నదే. అంతకు సరిగ్గా 129 సంవత్సరాల క్రితం, 1880 నవంబరు 11న, మెల్‌బోర్న్ జైలులో ఎడ్వర్డ్ కెల్లీని, అంటే నెడ్ కెల్లీని, ఉరితీశారు.

ఈ దేశంలో కాపురం పెట్టిన వారెవరూ నెడ్ కెల్లీ పేరు వినకుండా వుండలేరు. పిల్లలు బడి నుంచి ఇనుప డబ్బా నెత్తిన బోర్లించుకొన్న మనిషి బొమ్మ గీసి తెచ్చారంటే అది అతనే. 1878లో ముగ్గురు పోలీసులను చంపిన ముఠానాయకుడని కొందరు, దొరల పొలాల మధ్య నలిగిపోయిన ఐరిష్ పేదరైతుల పక్షాన నిలిచిన వీరుడని కొందరు ఇప్పటికీ వాదించుకొంటారు. పాలమూరు పండుగ సాయన్న కథ విన్నవారికి ఈ తగాదా కొత్త కాదు. దానిలోకి దిగే ఉద్దేశం మాకు లేదు. వైద్యవృత్తిలో వున్నవారం గనుక మా చూపు అతని ఎముకల మీద పడింది.

ఉరి తరువాత అతన్ని జైలు ఆవరణలోనే గుర్తు తెలియకుండా పూడ్చారు. 1929లో ఆ స్థలంలో కాలేజీ కట్టడానికి (ఇప్పటి ఆర్.ఎం.ఐ.టి. అక్కడే వుంది) తవ్వుతుంటే సమాధులు బయటపడ్డాయి. చూడవచ్చిన జనం ఎముకలను జ్ఞాపకచిహ్నాలుగా చేతికి దొరికినంత పట్టుకుపోయారు. మిగిలినవాటిని పెట్టెల్లో పెట్టి కోబర్గ్‌లోని పెంట్రిడ్జ్ జైలు ఆవరణలో మళ్ళీ పూడ్చారు. కెల్లీదని అనుకొన్న ఒక పుర్రె మాత్రం కాన్‌బెర్రాలోని అనాటమీ సంస్థకు వెళ్ళి, అక్కడ కొన్నేళ్ళుండి, తిరిగి మెల్‌బోర్న్ పాతజైలు మ్యూజియంకు వచ్చి అద్దాలపెట్టెలో కూర్చుంది. 1978 డిసెంబరులో దాన్ని ఎవరో దొంగిలించారు. మొదట చెప్పిన రైతు తెచ్చి ఇచ్చినది అదే పుర్రె.

పుర్రె వచ్చేనాటికి పెంట్రిడ్జ్‌లో తవ్వకాలు జరిగి, ఉరితీయబడిన ముప్ఫైమందికి పైగా మనుషుల అవశేషాలు దొరికివున్నాయి. ఎవరివి ఎవరివో తెలియదు. ఒక చెక్కపెట్టెలోని అస్థిపంజరం దాదాపు పూర్తిగా వుంది, తల మాత్రం లేదు. ఆ ఎముకలలో కాలి దగ్గరా మోచేతి దగ్గరా తూటా దెబ్బల గుర్తులు కనిపించాయి. 1880 జూన్‌లో గ్లెన్‌రోవన్ దగ్గర పోలీసులు చుట్టుముట్టినప్పుడు కెల్లీ తలకూ మొండేనికీ ఇనుప కవచం తొడుక్కొన్నాడు. కాళ్ళకూ చేతులకూ కవచం లేదు. తూటాలు అక్కడే తగిలాయి. ఇంతవరకూ పాతకాలపు పోలీసు డాక్టరు కూడా చెప్పగలడు. కాని అనుమానం అనుమానమే, రుజువు రుజువే.

రుజువు కోసం ఎముక ఒక్కటే చాలదు. దానితో పోల్చడానికి ఇవతలి పక్క బతికివున్న మనిషి ఒకరు కావాలి. డి.ఎన్.ఏ. అనగానే యంత్రంలో ఎముక వేస్తే చీటీ మీద పేరు అచ్చయి వస్తుందని సినిమాలు చూసి చాలామంది అనుకొంటారు. మా దగ్గరకు వచ్చే రోగులే కాదు, చదువుకొన్న స్నేహితులు కూడా అలాగే మాట్లాడతారు. డి.ఎన్.ఏ. చెప్పేది ఈ రెండూ ఒక రక్తమా కాదా అన్నంతవరకే. పేరు చెప్పవలసినది బంధువు.

దొరికిన బంధువు మెల్‌బోర్న్‌లోని ఒక బడిపంతులు. నెడ్ కెల్లీ చెల్లెలు ఎలెన్‌కు మునిమనుమడు. కెల్లీకి ఎవరో ఒక బంధువు అంటే సరిపోదు. ఎలెన్ నుంచి కూతురు, కూతురు నుంచి కూతురు, ఆమె కొడుకు ఈయన. మధ్యలో ఎక్కడా మగవారి మీదుగా పోకుండా వచ్చిన దారి అది. అది ఎందుకు ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పాలి.

మన జీవకణంలో డి.ఎన్.ఏ. రెండు చోట్ల వుంటుంది. కేంద్రకంలో వుండేది పెద్ద గ్రంథం. తల్లి ఇచ్చినది ఒక ప్రతి, తండ్రి ఇచ్చినది ఒక ప్రతి, కణానికి అంతే. రెండవది మైటోకాండ్రియాలో వుండేది, కణానికి శక్తిని తయారుచేసే చిన్న పొయ్యిలవంటి భాగాలు అవి. ఈ రెండవ డి.ఎన్.ఏ. చాలా చిన్నది, మొత్తం 16,569 అక్షరాలు. కాని కణానికి వందలు, వేలు ప్రతులు వుంటాయి. నూరేళ్ళు మట్టిలో, తేమలో, ఎండలో వున్న ఎముకలో డి.ఎన్.ఏ. ముక్కముక్కలై పోతుంది. రెండే ప్రతులున్న గ్రంథం చెదలు తినేస్తే ఇక దొరకదు. వేయి ప్రతులు తీసి ఊరంతా పంచిన పత్రిక అయితే ఎక్కడో ఒక అటకమీద ఒక ప్రతి మిగిలి వుంటుంది. అందుకే పాత ఎముకలలో మొదట వెతికేది మైటోకాండ్రియానే. పంటిలో, తొడ ఎముకలో, చెవి వెనుక వుండే గట్టి ఎముకలో అది ఎక్కువగా నిలుస్తుంది.

ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కొడుకులకూ కూతుళ్ళకూ తల్లి ఇస్తుంది, కాని కొడుకు దగ్గర అది ఆగిపోతుంది. కూతుళ్ళు మాత్రమే ముందు తరానికి అందిస్తారు. కెల్లీకి బిడ్డలున్నా ఈ పరీక్షకు పనికివచ్చేవారు కారు. చెల్లెలి కూతుళ్ళ కూతుళ్ళే కావాలి.

ఇక్కడ మనవైపు చూసుకొంటే ఒక తమాషా వుంది. మన గోత్రం తండ్రి నుంచి వస్తుంది. పెళ్ళిలో పురోహితుడు ముత్తాత, తాత, తండ్రి అని మూడు తరాలు చదువుతాడు. ఎముక గోత్రం వేరు, అది అమ్మమ్మ అమ్మది. తండ్రికీ కూతురికీ కలవని డి.ఎన్.ఏ. మేనమామకూ మేనకోడలికీ అక్షరం పొల్లుపోకుండా కలుస్తుంది. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చే హక్కు మేనమామకు ఇచ్చిన మన పెద్దవాళ్ళకు మైటోకాండ్రియా సంగతి తెలుసని మేము అనము. అయినా ఈ పోలిక మాకు ముచ్చటగా తోస్తుంది. ఇక మేనరికాలు తరతరాలుగా కలిసిన మన ఇళ్ళలో కేంద్రకపు డి.ఎన్.ఏ. లెక్కలు ఎంత చిక్కుపడతాయో ఆ పని చేసేవారినే అడగాలి.

కెల్లీ ఎముకల నుంచి డి.ఎన్.ఏ. తీయడంలో అర్జెంటీనా నుంచి వచ్చిన ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ బృందం సాయం చేసింది. ఆ బృందం కథ చిన్నది కాదు. 1976 నుంచి 1983 వరకు అక్కడి సైనిక ప్రభుత్వం వేలాదిమందిని మాయం చేసింది. కటకటాల వెనుక పుట్టిన పసిబిడ్డలను ఇతరులకు పెంపకానికి ఇచ్చేసింది. బిడ్డల అమ్మమ్మలు, నాయనమ్మలు రాజధానిలోని మే కూడలిలో నిలబడి మనుమల కోసం అడుగుతూ వుంటే, మేరీ-క్లెయిర్ కింగ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు మైటోకాండ్రియాను వారికోసం వాడింది. తల్లిదండ్రులు ఇద్దరూ చనిపోయినా అమ్మమ్మ బతికివుంటే చాలు. మాయమైనవారి ఎముకలను గుర్తించడానికి ఆ బృందం 1984లో ఏర్పడింది. బతికివున్న పిల్లల కోసమూ, చనిపోయిన పెద్దల కోసమూ నేర్చుకొన్న విద్య తరువాత మెల్‌బోర్న్ దాకా వచ్చింది.

2011 సెప్టెంబరు 1న విక్టోరియా అటార్నీ జనరల్ ఫలితం ప్రకటించాడు. తలలేని అస్థిపంజరం నెడ్ కెల్లీదే. "ఇ. కెల్లీ" అని పేరు వ్రాసిన పుర్రె కెల్లీది కాదు. సిరాతో వ్రాసిన పేరును ఇన్నేళ్ళూ మ్యూజియం నమ్మింది, చూడవచ్చినవారు నమ్మారు, దొంగ నమ్మాడు. 2013 జనవరిలో కుటుంబంవారు కెల్లీని గ్రెటాలోని శ్మశానంలో, తల్లి సమాధి వున్న చోట, పూడ్చిపెట్టారు. మళ్ళీ ఎవరూ తవ్వుకుపోకుండా పైన కాంక్రీటు పోశారు. ఆ సమాధిలో అతని తల లేదు.

బంధువు కోసం వెతకడం ఎంత పొడుగు పనో చూడాలంటే నావికుడి కథ చూడాలి. 1941 నవంబరు 19న పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి దూరంగా హెచ్.ఎం.ఏ.ఎస్. సిడ్నీ అనే యుద్ధనౌక, జర్మనీవారి కోర్మొరాన్‌తో పోరాడి మునిగిపోయింది. 645 మందిలో ఒక్కడూ మిగలలేదు. 1942 ఫిబ్రవరిలో క్రిస్మస్ ద్వీపం దగ్గర ఒక ప్రాణరక్షక తెప్ప కొట్టుకొచ్చింది, అందులో ఒక శవం. ద్వీపంవారు గౌరవంగా పాతిపెట్టారు. కొద్ది వారాలకే జపానువారు ద్వీపాన్ని ఆక్రమించడంతో సమాధి ఎక్కడో కూడా మరుగున పడింది.

2006లో సమాధి దొరికింది. తలలో చిక్కుకొన్న లోహపు ముక్క జర్మన్ ఫిరంగిదని తేలింది. పళ్ళలో బంగారం పని వుంది. పంటి నుంచి అడిలైడ్ విశ్వవిద్యాలయంవారు డి.ఎన్.ఏ. తీశారు. అయితే ఏమి? 645 కుటుంబాలలో ఏది? వారిలో చాలామంది పెళ్ళికాని కుర్రవాళ్ళు. 2008లో మునిగిన నౌక సముద్రగర్భంలో దొరికింది, నావికుడిని జెరాల్డ్‌టన్ యుద్ధశ్మశానంలో "తెలియని నావికుడు"గానే మళ్ళీ పాతిపెట్టారు. వంశవృక్షాలు గీసేవారు ఒక్కొక్క కుటుంబంలో తల్లివైపు దారి పట్టుకొని బతికివున్నవారిని వెతుకుతూ పోయారు. పదిహేనేళ్ళు పట్టింది. 2021 నవంబరు 19న, నౌక మునిగి సరిగ్గా 80 ఏళ్ళు నిండిననాడు, పేరు చెప్పారు: థామస్ వెల్స్‌బీ క్లార్క్. బ్రిస్బేన్‌లోని న్యూ ఫార్మ్ కుర్రవాడు, 1920లో పుట్టినవాడు, నౌకలో చేరి కొన్ని నెలలే అయింది. తల్లిదండ్రులు ఈ వార్త వినడానికి లేరు. దూరపు బంధువులు విన్నారు, వారు ఇచ్చిన నమూనాతోనే ఎముక పలికింది.

ఫ్రాన్సులో ఫ్రొమెల్ దగ్గర కూడా ఇదే పని పెద్ద ఎత్తున జరిగింది. 1916 జూలై 19న ఒక్క రాత్రిలో 5,533 మంది ఆస్ట్రేలియన్లు చనిపోయారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. జర్మన్లు పూడ్చిన గుంటలు అక్కడే వున్నాయని ఏళ్ళతరబడి పట్టుబట్టి నిరూపించినవాడు లాంబిస్ ఎంగ్లెజోస్ అనే మెల్‌బోర్న్ ఉపాధ్యాయుడు, గ్రీకు కుటుంబంవాడు. వలసవచ్చిన ఇంటి మనిషి ఈ దేశం మరిచిపోయిన పిల్లలను వెతికిపెట్టాడన్న సంగతి మనవంటివారు గమనించదగ్గది. 2009లో 250 మందిని వెలికితీశారు. కుటుంబాలు ఇచ్చిన నమూనాల వల్ల వారిలో 170 మందికి పైగా పేర్లు వచ్చాయి.

అడిలైడ్‌లో 1948 డిసెంబరు 1న సోమర్టన్ సముద్రతీరాన దొరికిన శవం సంగతి చదువరులలో చాలామందికి తెలిసేవుంటుంది. జేబులో "తమామ్ షుద్" అన్న పారసీక మాటలున్న కాగితపు ముక్క. ఒమర్ ఖయ్యామ్ రుబాయీల పుస్తకం చివరి పుట నుంచి చింపినది. దువ్వూరి రామిరెడ్డిగారి పానశాల చదివిన తరంవారికి ఆ పుస్తకం చుట్టమే. 2022 జూలైలో ప్రొఫెసర్ డెరెక్ ఆబట్, శవం ముఖానికి తీసిన ప్లాస్టరు అచ్చులో ఇరుక్కున్న వెంట్రుకల నుంచి డి.ఎన్.ఏ. తీయించి, అతడు మెల్‌బోర్న్‌కు చెందిన కార్ల్ వెబ్ అని ప్రకటించాడు. ఆనాటికి పోలీసులు దానిని ఇంకా ధృవపరచలేదు. అక్కడ మొదట బంధువును ఎవరూ అడగలేదు. ఉమ్మి పంపి వంశం తెలుసుకొనే కంపెనీల ద్వారా జనం బయటపెట్టుకొన్న వివరాలలో దూరపు చుట్టాలు దొరికారు. వైద్యులుగా మాకు ఇది కొంచెం గుచ్చుకొంటుంది. పండుగ బేరంలో కిట్టు కొని ఒకరు ఉమ్మి పంపితే, ఆయన పినతల్లి పిల్లలు, వారి పిల్లలు అందరి గుట్టూ కొంతకొంత బయటకు పోతుంది. వారినెవరూ అనుమతి అడగరు.

అనుమతి మాట వచ్చింది గనుక ఈ దేశపు ఆదివాసుల సంగతి చెప్పకుండా దాటలేము. పందొమ్మిదో శతాబ్దం నుంచి వారి పెద్దల ఎముకలను తవ్వి మ్యూజియములకు, దేశాంతరాలకు పంపారు. ఇప్పుడు తిరిగి వస్తున్నాయి, కాని చాలావాటికి ఏ ప్రాంతానివో చీటీ లేదు. గ్రిఫిత్ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ రైట్, డేవిడ్ లాంబర్ట్ బృందం అక్కడి పెద్దల సమ్మతితో, వారితో కలిసి పనిచేసి 2018లో ఫలితాలు ప్రచురించింది. ఏ ప్రాంతం ఎముకలో ముందే తెలిసినవాటినే తీసుకొని ఈ పద్ధతి నిజం చెబుతుందా అని పరీక్షించారు. కేంద్రకపు డి.ఎన్.ఏ. దొరికిన పది అవశేషాలూ సరైన భూమినే చూపించాయి. మైటోకాండ్రియా ఒక్కదాన్నే నమ్మితే కొందరు వేరేవారి గడ్డకు చేరేవారు. స్త్రీలు పెళ్ళిచేసుకొని ఊళ్ళు మారుతారు, వారితో ఆ ప్రతులూ మారుతాయి. తల్లివైపు దారిని ఇంతసేపు పొగిడాము గనుక దాని లోటు కూడా చెప్పడం న్యాయం.

ఇప్పుడు మన హైదరాబాదుకు వద్దాం. హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.కి పాత ఎముకలు చదవడంలో మంచి పేరుంది. జార్జియా దేశపు రాణి కెతెవాన్‌ను 1624లో షిరాజ్‌లో చంపారు. ఆమె అస్థికలను క్రైస్తవ సన్యాసులు గోవాకు తెచ్చారని పాత వ్రాతలు చెబుతున్నాయి. 2004లో అక్కడి సెయింట్ అగస్టిన్ మఠం శిథిలాలలో ఒక ఎముక దొరికింది. హైదరాబాదువారు పరీక్షిస్తే అందులోని మైటోకాండ్రియా రకం భారతదేశంలో వేలమంది నమూనాలలో ఎక్కడా లేదు, జార్జియావారిలో వుంది. 2021 జూలైలో ఆ అస్థికను జార్జియాకు సాగనంపారు. ఒక రాణి కాబట్టి, వెతికే దేశం ఒకటి వుంది కాబట్టి, అంతవరకు వెళ్ళింది.

వెతికేవారు లేనివారి సంగతి అజ్నాలాలో కనిపిస్తుంది. పంజాబులో అమృతసర్ దగ్గరి ఊరు అది. 2014లో ఊరివారు ఒక పాత బావిని తవ్వితే ఎముకలు, పుర్రెలు, వేలకొద్దీ పళ్ళు, నాణేలు, పతకాలు బయటపడ్డాయి. 1947 దేశవిభజనలో చనిపోయినవారని కొందరన్నారు. 1857నాటి సిపాయిలని మరికొందరన్నారు. అమృతసర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ తాను చేసిన పనిని తానే 1858లో పుస్తకంగా వ్రాశాడు. లాహోరు దగ్గర మియాన్ మీర్ నుంచి పారిపోయిన 26వ నేటివ్ ఇన్‌ఫెంట్రీ సిపాయిలు 282 మందిని పట్టుకొని, 237 మందిని కాల్పించాడు. మిగిలిన 45 మంది బందీగా వుంచిన గదిలో ఊపిరాడక చనిపోయారు. అందరినీ బావిలో వేయించాడు. వ్రాసిన తీరు చూస్తే అతనికి అది గొప్పపనిగానే తోచింది.

పంజాబు విశ్వవిద్యాలయంవారు, హైదరాబాదు, లక్నో, కాశీ శాస్త్రజ్ఞులు కలిసి పళ్ళను పరీక్షించి 2022లో ఫలితం ప్రకటించారు. 50 నమూనాలలో మైటోకాండ్రియా చదివారు. 85 నమూనాలలో ఆక్సిజన్ రకాలు కొలిచారు. చిన్నతనంలో తాగిన నీటి గుర్తు పంటి పింగాణీలో వుండిపోతుంది, దాన్నిబట్టి పెరిగిన ప్రాంతం తెలుస్తుంది. ఈ మనుషులు పంజాబువారు కారు, గంగామైదానం వారు. ఇప్పటి ఉత్తరప్రదేశ్, బీహార్, బెంగాల్ వైపు నుంచి వచ్చినవారు. 26వ పటాలం మనుషులను తీసుకొన్నది అక్కడి నుంచే. ఆ బావి ఎవరిదో తేలిపోయింది.

అయినా పేర్లు రాలేదు. ఇవతలి పక్క పోల్చుకోవడానికి ఎవరున్నారు? మా అమ్మమ్మ అమ్మమ్మ అన్న పటాలంలో చేరి తిరిగిరాలేదని చెప్పగల ఇల్లు ఏ ఊరిలో వుంది? ఇంటిదగ్గర చనిపోయివుంటే వీరిలో ఎక్కువమందికి దహనం జరిగేది, ఎముకలో చదవడానికి ఏమీ మిగిలేది కాదు. చితి వేడికి డి.ఎన్.ఏ. నిలవదు. కర్మకాండ దక్కలేదు గనుకనే వారు పరిశోధకులకు దొరికారు. మేము వైద్యకళాశాలలో చేరినప్పుడు ఎముకల సెట్టు సీనియర్ల దగ్గర కొనుక్కొని మంచం కింద పెట్టుకొనేవాళ్ళం. మన దేశం నుంచి అస్థిపంజరాల ఎగుమతిని 1985లో నిషేధించేదాకా కలకత్తా నుంచి అవి పాశ్చాత్యదేశాల వైద్యకళాశాలలకు వెళ్ళేవి. ఆ పెట్టెల మీద ధర వుండేది, పేరు వుండేది కాదు.

అజ్నాలా బావి గురించి ఆలోచిస్తే మాకు ఒక దారి తోస్తుంది. ఈ నగరాలలో మన పక్కనే ఫిజీ హిందువులు వున్నారు. 1879 నుంచి 1916 వరకు కూలి ఒప్పందం మీద ఫిజీకి వెళ్ళినవారి సంతతి. 1903 తరువాత మద్రాసు ఓడలలో మన తెలుగువారు కూడా వెళ్ళారు గాని, అంతకుముందు కలకత్తాలో ఓడ ఎక్కినవారిలో ఎక్కువమంది అవధ్, బీహార్ పల్లెలవారే, అంటే ఆ సిపాయిల ఊళ్ళవారు. వెళ్ళిన ఆడవారి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా ఒక్కొక్కరికి ఒక చీటీలో వ్రాసిపెట్టారు. 1987 సైనిక తిరుగుబాట్ల తరువాత వారి మనుమలు పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియా వచ్చి స్థిరపడ్డారు. తిరిగిరాని సిపాయి చెల్లెలి కూతురో, ఆమె కూతురో ఆ ఓడలలో ఒకదానిలో వుండివుంటే, ఆ బావిలోని పంటితో అక్షరం పొల్లుపోకుండా కలిసే ప్రతి ఇవాళ సిడ్నీ లివర్‌పూల్‌లోనో, ఇక్కడ డాండెనాంగ్‌లోనో ఒక ముసలమ్మ నోటిలో వుండవచ్చు.